సంఘపు సొమ్ము పోయినప్పుడు
మోసపు దర్యాప్తు నేర్వవలసిన విద్య

సంఘము సొమ్ములో తరుగు వచ్చినదని తెలిసిన నాడు మనవారు చేయు మొదటి పని కేకలు వేయుట. రెండవ పని పదిమంది కలిసి కార్యదర్శి ఇంటిమీదికి పోవుట. ఈ రెండును ముగియునప్పటికి చిట్టా ఆవర్జాలలో కావలసిన పుటలు కానరాకుండును, నిల్వగదిలో సరుకు సర్దుబాటు జరిగియుండును, సాక్ష్యము చెప్పవలసిన గుమాస్తా బంధువుల ఊరికి పోయియుండును. తరువాత అధికారి వచ్చి విచారించినను చేతికి చిక్కునది కొద్ది. నేతగాని కూలిలోనుండి కొద్దికొద్దిగా కోసి కూడబెట్టిన పొదుపు నిధి మాత్రము తిరిగి రాదు.

గుంటలో దిగినవాడెల్ల నేతగాడు కానట్లే, అనుమానపడినవాడెల్ల దర్యాప్తుదారు కాడు. మోసమును పట్టుట ఒక వృత్తివిద్య. దానికి గురువులున్నారు, పాఠములున్నవి, పరీక్షలున్నవి. అమెరికాలో పూర్వము ఎఫ్.బి.ఐ.లో పనిచేసిన జోసెఫ్ వెల్స్ అను లెక్కల నిపుణుడు 1988లో టెక్సాసు రాష్ట్రమందలి ఆస్టిన్ నగరములో మోసపరిశోధకుల సంఘమొకటి స్థాపించెను. లావాదేవీలలో జరుగు మోసపు రీతులు, చట్టము, దర్యాప్తు పద్ధతి, నివారణ అను విషయములలో శిక్షణ ఇచ్చి, పరీక్షించి, యోగ్యతాపత్రమిచ్చుట ఆ సంఘపు పని. మన దేశములో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ తన సభ్యులకు ఇట్టి శిక్షణ ఇచ్చుచున్నది; ఈ విధమైన దర్యాప్తు ఎట్లు జరుపవలెనో నియమములు ఏర్పరచి 2023 జులై 1 నుండి వానిని తన సభ్యులకు తప్పనిసరి చేసినది. గాంధీనగరములోని జాతీయ ఫోరెన్సిక్ శాస్త్ర విశ్వవిద్యాలయము 2020లో పార్లమెంటు చట్టముచే ఏర్పడినది.

ఇవన్నియు పెద్ద కంపెనీలకు, బ్యాంకులకు పనికివచ్చునవి, నలువది మగ్గముల సంఘమునకు ఏల అని కొందరడుగవచ్చును. కంపెనీ మునిగిన వాటాదారు నష్టపడును. సంఘము మునిగిన మనవాని ఇంట పొయ్యి ఆరును. కావున ఈ విద్యలో మనకు పనికివచ్చు భాగమేదో, అందులో మనకు ఇదివరకే తెలిసినదెంతయో ఈ పుటలలో విచారింప దలచితిమి.

ఏటేట ఆడిటు జరుగుచున్నది గదా అందురు. ఆడిటరు చూచునది వేరు, దర్యాప్తుదారు చూచునది వేరు. ఓచరు ఉన్నదా, దానిపై సంతకమున్నదా, ఆ పద్దు ఆవర్జాలో ఎక్కినదా అని ఆడిటరు చూచును. ఆ ఓచరు నిజమైనదా, ఆ సంతకము చేసినవాడు ఆనాటికి బ్రతికియున్నాడా అని దర్యాప్తుదారు అడుగును. ఆడిటరును తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. ఆయన పనికి హద్దు అది. పైని చెప్పిన అమెరికా సంఘము 2024లో ప్రకటించిన నివేదికలో 138 దేశములకు చెందిన 1,921 మోసములను పరిశీలించినారు. వానిలో నూటికి 43 ఎవరో ఒకరు చెవిని వేసిన మాటవలన బయటపడినవి. అట్లు చెప్పినవారిలో సగమునకు పైగా ఆయా సంస్థలలో పనిచేయువారే. బయటి ఆడిటువలన తేలినవి నూటికి ఐదైనను లేవు.

అనగా మొదట తెలియునది లోపలివారికే. ఫలానావారి మగ్గము ఆరు నెలలుగా ఆడుటలేదని కండెలు చుట్టు ముసలమ్మకు తెలియును. ఆ మగ్గము పేర నెలనెల కూలి వ్రాయబడుచున్న సంగతి ఆమెకు తెలియదు. రెండవది పుస్తకములో ఉన్నది, మొదటిది ఆమె నోట ఉన్నది. ఈ రెంటిని ఒకచోటికి తెచ్చుటయే దర్యాప్తు.

శిక్షణలో మొట్టమొదట చెప్పు పాఠమొకటి: అనుమానమున్నవాని చేతిమీదుగా వచ్చిన కాగితమును ఋజువుగా గైకొనరాదు. దీనికి మన తెలుగునాటనే పెద్ద దృష్టాంతమున్నది. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు స్వయముగా ఉత్తరము వ్రాసి, పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకొనెను. తరువాతి దర్యాప్తులో 7,561 దొంగ ఇన్వాయిసులు తేలినవి. అన్ని ఏండ్లు అది ఎట్లు సాగినది? నిల్వ ఎంతయున్నదో బ్యాంకును నేరుగా అడిగి, నేరుగా జవాబు తెప్పించుకొని ఉన్నచో సాగెడిది కాదు. మన సంఘములలోను ఇంతే. పాసుపుస్తకము కార్యదర్శి తెచ్చి చూపును, పాలకవర్గము తల ఊపును. నిల్వ ధ్రువపత్రము ఫలానా తేదీకి కావలెనని సంఘపు తీర్మానముతో బ్యాంకుకు వ్రాసి, జవాబు మరియొక సభ్యుని చేతికి అందునట్లు చేసికొన్నచో ఖర్చు స్వల్పము.

రెండవ పాఠము, కాగితముపై వ్రాసిన సంగతికి బయట ప్రపంచములో జాడ వెదకుట. 1996లో బీహారులో పశుదాణా కుంభకోణము బయటపడినప్పుడు, దాణా మోసిన లారీలని బిల్లులలో వ్రాసిన బండ్ల నంబర్లు విచారింపగా వానిలో కొన్ని స్కూటర్లవని తేలినది. టన్నులకొద్ది దాణా స్కూటరుమీద పోయినదన్నమాట! బిల్లు చక్కగా ఉన్నది, సంతకములున్నవి, ముద్రలున్నవి. బండి నంబరొక్కటి అబద్ధమాడినది. నూలు వచ్చినదని చూపు బిల్లులకు ఈ పరీక్ష ఇప్పుడు మనకును సులభము. 2018 నుండి అమలులోనున్న ఈ-వే బిల్లులో బండి నంబరు ఉండును. ఆ బండి ఎట్టిదో రవాణాశాఖ దాఖలాలలో చూడవచ్చును.

ఇక మూడవది మన సొంత పాఠము. దీనిని ఏ విశ్వవిద్యాలయమువారును మనకు నేర్పనక్కరలేదు. గుడ్డలో ఎంత నూలు పట్టునో నేతగానికి తెలిసినట్లు ఏ లెక్కల పరీక్షకునికి తెలియును? ఒక చీరను తీసికొందము. పడుగు, పేక రెండును 80వ నంబరు నూలు. పన్నా 48 అంగుళములు, అంగుళమునకు 70 పోగులు. మొత్తము 3,360 పోగులు, అనగా పుంజమునకు 120 చొప్పున 28 పుంజములు. ఆరు గజముల చీరకు నేతలో కుదింపు, కొసలు కలిపి ఆరున్నర గజముల పడుగు వేసికొన్నచో 21,840 గజముల నూలు. పేక అంగుళమునకు 60 చొప్పున, 216 అంగుళముల పొడవునకు 12,960 పోగులు. ఒక్కొక్కటి 50 అంగుళములు పట్టునని అనుకొన్న 18,000 గజములు. రెండును కలిసి 39,840 గజములు. చిలపకు 840 గజములు, 80వ నంబరులో పౌనుకు 80 చిలపలు గనుక పౌనుకు 67,200 గజములు. కాబట్టి చీరకు పట్టు నూలు సుమారు 270 గ్రాములు. తరుగు కలిపి 280 అనుకొందము. నూరు చీరలకు 28 కిలోలు.

ఇప్పుడు సంఘపు నూలు పుస్తకము తెరచి చూడవలెను. నూరు చీరలకు 40 కిలోల నూలు ఇచ్చినట్లు వ్రాసియున్నచో, 12 కిలోల నూలు సంఘపు గడప దాటి మరెక్కడికో పోయినది, లేదా కాగితముమీద తప్ప రానేలేదు. నూరు చీరలకు 15 కిలోలే ఇచ్చినట్లున్నచో తక్కిన చీరలు మన మగ్గములమీద పుట్టినవి కావు. మరమగ్గపు సరుకును కొని, చేనేత ముద్ర వేసి, రిబేటుకు లెక్క వ్రాసియుండవచ్చును. రెండు మోసములును వేరువేరు. మొదటిదానిలో నూలు పోవును, రెండవదానిలో పని పోవును. రెండవది నేతగానికి ఎక్కువ చేటు. తనకు పని లేదని పంపివేసిన నెలలోనే సంఘము నిండుగ నేయించినట్లు లెక్కలుండుట కంటె ఘోరమేమున్నది?

మగ్గముల లెక్కతో దీనిని సరిచూడవచ్చును. చీరకు మూడు దినములు పట్టునట్టి నేతలో, నెలకు 24 పనిదినములు వేసికొన్న మగ్గమునకు 8 చీరలు. ఆడుచున్న మగ్గములు 60 అయినచో 480 చీరలు. పుస్తకములో 720 ఉన్నచో, కడమ 240 ఎక్కడివని అడుగుటకు ఏ యోగ్యతాపత్రమును అక్కరలేదు. అయితే ఒక జాగ్రత్త. నేత రకము మారిన లెక్క మారును. గంజి పట్టిన బరువు వేరు, ఉతికిన బరువు వేరు. పండుగ నెలలో ఇంటిల్లిపాది కూర్చుండి ఎక్కువ నేసినవారుందురు. ఒక నెలను పట్టుకొని వీధికెక్కక, రెండు మూడు ఏండ్ల లెక్క వరుసగ పరచి చూడవలెనని ఈ శాస్త్రము తెలిసినవారు చెప్పుదురు.

అంకెల శాస్త్రములో మరియొక చమత్కారమున్నది. సహజముగ ఏర్పడిన లెక్కలలో 1తో మొదలగు మొత్తములు నూటికి 30 వరకు ఉండును, 9తో మొదలగునవి ఐదింటికి లోపు. 1881లో సైమన్ న్యూకూంబ్ గమనించిన దీనిని 1938లో ఫ్రాంక్ బెన్‌ఫోర్డ్ విస్తారముగ చూపెను. కల్పించి వ్రాయువాడు అంకెలను సమముగ పంచును గనుక దొరకిపోవును. పెద్ద సంఘపు అమ్మకపు బిల్లులకు ఇది కొంత పనికివచ్చును. కాని కూలిపట్టీలకు పనికిరాదు. చీరకు ఇంతయని కూలి కట్టడియైయున్నచోట మొదటి అంకె ఎప్పుడును ఒకటే గదా. ఈ భేదమెరుగక యంత్రములో అంకెలు పోసి, నిరపరాధిపై వ్రేలు చూపుట కంటె ఆ విద్య రాకుండుటయే మేలు.

గుడ్డనుబట్టి మోసమును తెలిసికొనుట మన పాఠకులకు కొత్త కాదు గనుక క్లుప్తముగ చెప్పెదము. పట్టుపోగును కాల్చిన వెండ్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద వ్రేళ్ళమధ్య నలుగును. పాలియెస్టరు కరగి గట్టి పూసయగును. జరీ మేలిమి తెలిసికొనుటకు ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ యంత్రములు వచ్చినవి. చీరకు హాని లేక వెండి, బంగారము, రాగి పాళ్ళు చెప్పును. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టము మొదట 22 రకములను చేనేతకు కేటాయించినది. 1996 నుండి అవి 11. సిల్కుమార్కు 2004లోను, చేనేత ముద్ర 2006లోను వచ్చినవి. ముద్రలు వచ్చిన తరువాత దొంగముద్రలును వచ్చినవి. ఇందు నేర్వవలసిన సంగతి ఒక్కటే: నమూనాను సాక్షుల ఎదుట తీసి, కవరులో పెట్టి, అతికించి, సంతకములు చేయించి, అది ఎవరి చేతినుండి ఎవరి చేతికి ఏనాడు పోయినదో వ్రాసి ఉంచుట. గుడ్డ నకిలీదని మన కంటికి తెలిసినంత మాత్రమున న్యాయస్థానమునకు తెలియదు.

ఇక కష్టమైన భాగము మనుష్యులతో మాటలాడుట. డొనాల్డ్ క్రెస్సీ అను అమెరికా పండితుడు నమ్మకద్రోహ నేరములకు జైలులోనున్న ఖైదీలతో మాటలాడి 1953లో ఒక గ్రంథము ప్రకటించెను. దొంగబుద్ధితో పుట్టినవారు కారు వారు. ఒకరికి చెప్పుకొనలేని చిక్కు, చేతికందు సందు, తన పనిని తానే సమర్థించుకొను మాట — ఈ మూడును కూడినప్పుడు నమ్మకస్తుడు నమ్మకమును చెరచునని అతని సిద్ధాంతము. మన సంఘములలో చూడుడు. కూతురు పెండ్లి అప్పు మొదటిది. పెట్టె తాళము, చెక్కుపుస్తకము ఒక్కరి చేతిలోనే ఉండుట రెండవది. "ఇరువది ఏండ్లు గొడ్డు చాకిరి చేసితిని, తిరిగి కట్టెదను గదా" అనుట మూడవది.

మనవారిలో ఇంకొక చిక్కున్నది. షోలాపురములో గాని, కంచిలో గాని, బరంపురములో గాని మన వీధులు చుట్టరికములతో అల్లుకొనియున్నవి. అధ్యక్షుడు మేనమామ, కార్యదర్శి బావమరిది, గుమాస్తా వియ్యంకుని కొడుకు. అందువలన ఒక దిక్కున నోరు మూయుట, మరియొక దిక్కున గిట్టనివానిపై నింద వేయుట, రెండును సులభము. ఒకసారి దొంగయని పేరు పడిన ఇంటికి పిల్లనిచ్చువారుండరు. తరువాత నిర్దోషియని తేలినను ఆ మచ్చ పోదు. కాబట్టియే శిక్షణలో మాటలాడు పద్ధతికి అంత ప్రాముఖ్యమిచ్చుదురు. ముందు కాగితములు చూడవలెను, తరువాత ప్రక్కవారితో మాటలాడవలెను, అనుమానమున్నవానిని చిట్టచివర పిలువవలెను. అతనితో మాటలాడునప్పుడు ఇద్దరుండవలెను, ఒకరు వ్రాసికొనవలెను. "నీవు తిన్నావా" అని కాక, "నూలు వచ్చినది మొదలు మగ్గము చేరువరకు ఏమి జరుగునో చెప్పుడు" అని అడుగవలెను. గదిలో పెట్టి గొళ్ళెము వేయుట, కొట్టుట, కులపెద్దల ఎదుట ప్రమాణము చేయించుట వలన కేసు చెడును, చేసినవారే నేరస్థులగుదురు.

పరరాష్ట్రములలో స్థిరపడిన మనకు మాత్రమే కలిగిన కష్టమొకటి చెప్పవలసియున్నది. సంఘపు పుస్తకములు మరాఠీలో, అరవములో, కన్నడములో, ఒడియాలో నడచును. పెద్దవారిలో పలువురు ఇంట తెలుగు మాటలాడుదురు. ఏ లిపియు సరిగా చదువలేరు, లేదా తెలుగులో సంతకము మాత్రము చేయుదురు. తాము దేనిక్రింద సంతకము చేసిరో వారికి తెలియదు. కూలి తీసికొన్నట్లు వ్రాసినదో, అప్పు తీసికొన్నట్లు వ్రాసినదో! సంతకమునకు ముందు ఇద్దరు సభ్యుల ఎదుట తెలుగులో చదివి వినిపించితిమని ప్రతి పత్రముక్రింద ఒక పంక్తి వ్రాయు ఆచారము పెట్టుకొన్నచో చాలా మోసములకు సందు మూయబడునని మా నమ్మకము.

చట్టములును రాష్ట్రమునకొకటి. విచారణ జరుపుమని సహకార రిజిస్ట్రారును కోరుటకు కర్ణాటకములో 1959 నాటి చట్టము 64వ సెక్షను, మహారాష్ట్రములో 1960 నాటి చట్టము 83వ సెక్షను, తమిళనాడులో 1983 నాటి చట్టము 81వ సెక్షను ఆధారము. పోయిన సొమ్మును బాధ్యులనుండి రాబట్టుటకు వరుసగా 69, 88, 87 సెక్షనులు. ఒడిషాకు 1962 నాటి చట్టము, యానామునకు పుదుచ్చేరి వారి 1972 నాటి చట్టము. నేరవిషయమున నాలుగువందల ఇరువది అను పేరు మన నోళ్ళలో ఇంకను ఉన్నది గాని, 2024 జులై 1 నుండి జరిగిన మోసములకు భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షను, నమ్మకద్రోహమునకు 316వ సెక్షను. ఫోనులోని సందేశములు, కంప్యూటరులోని లెక్కలు సాక్ష్యముగ చూపుటకు భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ధ్రువపత్రము జతపరచవలెను. ఇది తెలియక తెరమీది బొమ్మను కాగితముపై అచ్చువేసికొని పోయి, కాదనిపించుకొనుటకు ఆస్కారమున్నది.

ఇంతయు ఎవరు నేర్వవలెను, ఎక్కడ నేర్వవలెను? పూనాలోని వైకుంఠ మెహతా సంస్థ, బెంగుళూరు, చెన్నపట్టణము, భువనేశ్వరములందలి సహకార నిర్వహణ శిక్షణాలయములు సంఘములవారికి లెక్కలు, చట్టము బోధించుచున్నవి. సేలములోను, బర్గఢ్‌లోను ఉన్న చేనేత సాంకేతిక విద్యాలయములు, కంచి మొదలగు చోట్లనున్న నేతకారుల సేవాకేంద్రములు గుడ్డ పరీక్ష ఎరిగినవి. మోసపు దర్యాప్తునకు ఈ రెండును కావలెను. లెక్కలవారికి నూలు తెలియదు, నూలువారికి లెక్కలు తెలియవు. పది దినముల శిక్షణ, అయిదు దినములు అక్కడ, అయిదు దినములు ఇక్కడ, బోధన తెలుగులో జరుగునట్లు ఏర్పాటు చేయుడని మన సంఘములన్నియు కలిసి అర్జీ పెట్టుకొనవలెనని మేము సూచించుచున్నాము. ఒక్కొక్క సంఘము పెట్టిన అర్జీ మూల పడును; అయిదు ప్రాంతముల సంఘములు కలిసి అడిగినచో జవాబైనను వచ్చును.

ప్రతి సంఘమునుండి ఇద్దరిని పంపవలెను. ఇద్దరును పాలకవర్గములోనివారు కారాదు, వారికి దగ్గరి చుట్టములును కారాదు. ఒకరు మగ్గముమీద పనిచేయువారు, మరియొకరు స్థానిక భాషలో చదువుకొన్న పిల్లలలో ఒకరు. ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయి తీరవలెనని మా పట్టుదల. కండెలు చుట్టునది, పడుగు సరిచేయునది ఇంటి ఆడవారు. ఏ ఇంట ఎన్ని కండెలు చుట్టబడినవో వారే చెప్పగలరు. పురుషుడు పోయి అడిగిన "మాకేమి తెలియును అన్నా" అందురు. ఆడకూతురు పోయి ప్రక్కన కూర్చుండి రెండు కండెలు చుట్టినచో, మూడవ కండె ముగియకమునుపే లెక్క బయటకు వచ్చును.